గుండు చేయించాక బాగుపడిన గ్రాఫు

ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. నేను పనిచేసిన సెంటర్‌లోనే కొత్తగా చేరారు. "ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలి మేడమ్?" అని అడిగారు. మిషన్ నడపడం వారంలో వస్తుంది, కంపెనీవాళ్లే వచ్చి నేర్పిపోతారు, దానికి నా దాకా రానక్కరలేదన్నాను. మిగతాది చెప్పబోతే చాయ్ చల్లారిపోయింది గానీ మాట తెగలేదు. అందుకని రాసి పెడుతున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు.

నేను వరంగల్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఈఈజీ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. తల మీద తీగలు అతికించి, మెదడులో పుట్టే విద్యుత్తును గీతలుగా తీసే పని అది. ఎక్కువగా ఫిట్స్ వచ్చేవాళ్లకు తీసేవాళ్లం. రిటైరయ్యాక హనుమకొండలో ఒక చిన్న సెంటర్‌లో తొమ్మిదేళ్లు చేశాను. అక్కడికి వచ్చేవాళ్లంతా పిల్లలు. చదువు ఎక్కనివాళ్లు, కుదురుగా కూర్చోలేనివాళ్లు, పిలిస్తే పలకకుండా గోడకేసి చూసేవాళ్లు. వాళ్లకు చేసే శిక్షణను న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారు.

పిల్లవాడిని తెర ముందు కూర్చోబెడతాం. నెత్తి మీద, చెవుల దగ్గర చిన్న లోహపు బిళ్లలు పేస్టుతో అతికిస్తాం. మనసు ఎటో పోయినప్పుడు మెదడులో నెమ్మది అలలు పెరుగుతాయని, ఒకదాని మీద నిలిచినప్పుడు వేగపు అలలు పెరుగుతాయని ఈ పద్ధతికి ఆధారం. తెర మీద ఒక కారు ఉంటుంది. అలలు మనం కోరినట్టుంటే నడుస్తుంది, లేకపోతే ఆగుతుంది. చేత్తో ముట్టుకునే పని లేదు. ఇలా నెలల తరబడి చేస్తే మెదడుకు నిలకడ అలవాటవుతుందని ఆశ.

నిజంగా అవుతుందా అని మిమ్మల్ని ప్రతి తల్లీ అడుగుతుంది. నేను చూసినది చెబుతాను. కొందరు పిల్లలు బాగుపడ్డారు. అది కారు వల్లనా, ఒక పెద్దమనిషి వారానికి మూడుసార్లు పక్కన కూర్చుని ఓపికగా చూడటం వల్లనా అన్నది నేను విడదీయలేకపోయాను. చదువుకున్నవాళ్లు కూడా దీని మీద ఒక మాట మీద లేరు. కాబట్టి "తప్పకుండా తగ్గుతుంది" అన్న మాట మీ నోటి నుంచి రాకూడదు.

మెదడు నములుతుందా?

ఆసుపత్రిలో నా మొదటి బాస్ నరాల డాక్టరు. మాటల్లో కరుకు, చేతల్లో మెత్తన. నేను చేరిన కొత్తలో పల్లె నుంచి ఒక ముసలాయనకు ఈఈజీ తీస్తుంటే గీతలు ఒక్కసారిగా ఎగిసిపడ్డాయి. అంత పెద్ద అలలు నేను అప్పటిదాకా చూడలేదు. కాగితం చింపుకుని డాక్టరుగారి గదికి పరుగెత్తాను. ఆయన కాగితం చూశారు, లేచి వచ్చి ముసలాయన్ని చూశారు.

"పెద్దయ్యా, నోట్లె ఏంది?"

"వక్క, సారూ."

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "ఏందమ్మా, మెదడు గట్ల నములుతదా?"

దవడ కదిలితే ఆ కండరాల విద్యుత్తు కూడా గీతల్లోకి వస్తుంది. నాకు ఆ సంగతి పుస్తకంలో తెలుసు, కంటితో చూడలేదు. ముసలాయన మాత్రం భయపడి వక్క మింగేశాడు. ఆ రోజు డాక్టరుగారు చెప్పిన మాటతోనే నేను నా ఉద్యోగమంతా చేశాను. ముందు తీగను అనుమానించాలి, తర్వాత చర్మాన్ని, తర్వాత కుర్చీని, ఫ్యాన్‌ని. రోగి వంతు అన్నిటికన్నా చివర. ఆయన ఇప్పుడు లేరు. ఉన్నప్పుడు ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పానా అంటే, ఆయనకు అలాంటివి గిట్టవు.

సెంటర్‌కు వచ్చాక ఆ వరసను నాకు తోచినట్టు పొడిగించాను. పిల్లవాడి తల ముట్టుకునే ముందు కళ్లు, చెవులు, నిద్ర. ఏటూరునాగారం దగ్గరి నుంచి ఒక తండ్రి తన ఆరేళ్ల కూతుర్ని తెచ్చాడు. బడిలో ధ్యాస పెట్టదని టీచర్ చెప్పి పంపిందట. ఆ పాప ఇంట్లో కోయ మాట్లాడుతుంది. బడిలో తెలుగు వినడం అదే మొదటి ఏడాది. అర్థంకాని మాటల ముందు ఎవరు ధ్యాస పెడతారు? మేం మిషన్ ఆన్ చేయలేదు. కోయ తెలిసిన ఆయమ్మ ఎవరైనా ఉన్నారేమో చూడమని బడికి చీటీ రాసిచ్చి పంపాం. ఏమీ చేయకుండా పంపిన పిల్లల్లో ఆ పాపే నాకు ఎక్కువగా గుర్తు.

చరణ్ జడ

చరణ్‌ది కొత్తవాడ. ఇంట్లో మగ్గాల మీద జంపఖానాలు నేస్తారు. తల్లి పేరు రమ, తండ్రి నర్సింహులు. పిల్లవాడికి అప్పుడు తొమ్మిదేళ్లు, మూడో తరగతి. అక్షరాలు వచ్చు గానీ మాట చదవలేడు. బెంచీ మీద రెండు నిమిషాలు నిలవడు.

మొదటి రోజు తలుపు తోసుకుని వచ్చినవాడికి నడుము దాకా జడ ఉంది. రమే చెప్పింది: "మొక్కు మేడం. మూడేండ్ల కింద శివరాత్రికి పాలకుర్తి గుట్ట మీద మొక్కిన. పోరనికి చదువు రావాలె, నాలుగేండ్లు ఎంటికలు ముట్టియ్య, వచ్చే శివరాత్రికి తలనీలాలు ఇస్త అని."

"బళ్లె ఏమంటరు నాయనా?" అని చరణ్‌ను అడిగాను.

"జడక్కా అంటరు," అన్నాడు వాడు. "ఒగన్ని కొట్టిన గూడ."

"కొట్టుడు సంగతి మేడంకు చెప్పాల్నారా?" అని రమ వాడి వీపు మీద ఒకటి వేసింది.

జడ విప్పి చూస్తే నెత్తి మెరిసిపోతోంది. కొబ్బరినూనె మాడు మీద నుంచి చెవుల మీదికి కారుతోంది. రమ గర్వంగా అంది: "మెదడు డాక్టర్ తానికి పోతానమని పొద్దుగాల్నే గిన్నెడు పెట్టిన. సల్లగుండాలె గదా!"

మన తల్లులందరూ చేసే పనే అది. పిల్లవాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజు తలకు నూనె పెట్టి, నున్నగా దువ్వి, బొట్టు పెట్టి తెస్తారు. ప్రేమ కనపడేది అక్కడే. కానీ లోహపు బిళ్లకు, చర్మానికి మధ్య నూనె ఉంటే విద్యుత్తు సరిగా అందదు. నూనె పెట్టొద్దని రమకు చెప్పాను. "పెట్టకుంటె గింత జుట్టు జడలు కడ్తది మేడం, పేన్లు పడ్తయి," అంది. అదీ నిజమే. స్పిరిట్‌తో తుడిచి, పేస్టు రుద్ది, పాయలు తీసి ఎలాగో అతికించేవాళ్లం. బిళ్ల బాగా అతికితే మిషన్‌లో ఆకుపచ్చ దీపం, అసలు అతకకపోతే ఎర్రది, మధ్యస్తంగా ఉంటే పసుపు వెలుగుతుంది. చరణ్‌కు ఎప్పుడూ పసుపే. పసుపుతో పని నడుస్తుందని కంపెనీ మనిషి చెప్పాడు కాబట్టి సెంటర్‌లో అందరం అలాగే నడిపేవాళ్లం.

వాడికి కారు మాత్రం నచ్చింది. "నేను ముట్టకుంటనే ఎట్ల పోతాంది? లోపల ఎవలన్న ఉన్నరా?" అని తెర వెనక్కి వంగి చూసేవాడు.

శివరాత్రి తర్వాత

శివరాత్రికి వాళ్లు పాలకుర్తి వెళ్లి మొక్కు చెల్లించుకుని వచ్చారు. తిరిగి వచ్చినప్పుడు వాడి తల నున్నని గుండు, దాని మీద గంధం. బిళ్లలు పెట్టీ పెట్టగానే ఆకుపచ్చ దీపం. ఆ రోజు తీసిన గ్రాఫులో నెమ్మది అలలు సగానికి సగం పడిపోయాయి. ఆ వారమంతా అంతే. పుస్తకంలో చూపించే మామూలు పిల్లల గ్రాఫులాగే ఉంది.

సెంటర్ నడిపే శ్రీకాంత్ డాక్టరు సంబరపడిపోయారు. నాకంటే ముప్ఫై ఏళ్లు చిన్నవారు, పిల్లలంటే ప్రాణం. ముందటి గ్రాఫు, ఇప్పటి గ్రాఫు పక్కపక్కన పెద్దగా అచ్చువేయించి రిసెప్షన్ గోడకు పెట్టించారు. రమ దానికి దండం పెట్టుకుంది.

ఆ వారమే రమ, నర్సింహులు ఇద్దరూ కలిసి వచ్చారు. నర్సింహులు వాళ్ల అన్న హైదరాబాద్ వైపు ఒక రెసిడెన్షియల్ స్కూల్లో చరణ్‌కు సీటు మాట్లాడాడట. ఇంగ్లిష్ మీడియం, హాస్టల్. పిల్లవాడికి ధ్యాస లోపం ఏమీ లేదని మా సెంటర్ కాగితం ఇస్తే చేర్చుకుంటారు.

"మా బావ పిల్లలు గూడ ఆడనే చదువుతాండ్లు మేడం," అంది రమ. "ఇగ సాయంత్రం ట్యూషన్ బంద్ చేస్తం. జర కాగితం జల్ది ఇయ్యిన్రి. వారంల అడ్మిషన్ అయిపోతదట."

సాయంత్రం ట్యూషన్ అంటే విజయ టీచర్ దగ్గర. చదవడం రాని పిల్లలకు ఒక్కొక్క మాట విడదీసి నేర్పే మనిషి ఆవిడ. అది మేమే కుదిర్చాం. కాగితం మీద డాక్టరుతో పాటు నా సంతకం కూడా ఉండాలి. నేను రెండు రోజులు గడువు అడిగాను.

నాకు అనుమానం ఎందుకు వచ్చిందంటే, గ్రాఫు మారింది గానీ పిల్లవాడు మారలేదు. పోయిన వారం ఎలా ఉన్నాడో ఈ వారం అలాగే ఉన్నాడు. చెప్పు ఒకటి వేసుకుని రెండోది మరిచిపోయి వెళ్లిపోతున్నాడు. మెదడు అంత మారితే దాని జాడ కాళ్లలోనైనా కనపడాలి. మరి ఈ మధ్య ఏం మారింది? జుట్టు పోయింది. అంతే.

నా తలతో పరీక్ష

పాత గ్రాఫుల లెక్క పక్కన పెట్టి, అసలు గీతలు తెరిచి చూశాను. జడ ఉన్న రోజుల్లో గీతలన్నీ మెల్లగా ఊగుతూ, మధ్యలో కరెంటు గరగరతో ఉన్నాయి. బిళ్ల సరిగా అతకనప్పుడు వచ్చే ఊగుడు అది. మిషన్ ఆ ఊగుడును నెమ్మది అలల కింద లెక్కగట్టింది.

అయినా నా మాట నేనే నమ్మకూడదు కదా. మరుసటి ఉదయం తలకు దట్టంగా నూనె పెట్టుకుని వెళ్లి పిల్లల కుర్చీలో కూర్చున్నాను. పసుపు దీపంతోనే తీయమని తోటి అమ్మాయికి చెప్పాను. ఆ తర్వాతి రోజు కుంకుడుకాయలతో తలస్నానం చేసి, అదే కుర్చీలో, అదే వేళకు మళ్లీ తీయించుకున్నాను. రెండు కాగితాలూ పేరు కనపడకుండా పైన మడిచి శ్రీకాంత్ డాక్టరు బల్ల మీద పెట్టి, ఎవరివో చెప్పకుండా చదవమన్నాను.

"ఈ పిల్లకు ధ్యాస బాగ తక్కువున్నది. ఇదేమో మంచిగున్నది. ఎవరీ ఇద్దరు?"

"ఇద్దరూ నేనే. అది నూనెతో, ఇది లేకుండా."

ఆయన మడత విప్పి పేరు చూసి పకపకా నవ్వారు. "మేడమ్, ఈ లెక్కన రేపటి నుంచి మిమ్మల్నే బ్యాచ్‌ల కూసోబెట్టాలె! కారు నడుపుతరా?"

నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయనకు గోడ మీది గ్రాఫు గుర్తొచ్చింది. తర్వాత, "మా అమ్మ గూడ నా పిల్లలకు గిట్లనే నూనె పెడ్తది. మన ఫైళ్లల్ల ఎన్ని తలకాయలు గిట్లున్నయో!" అన్నారు. లేచి వెళ్లి గోడ మీది గ్రాఫును ఆయనే తీసేశారు. రిసెప్షన్‌లో నలుగురు తల్లులు కూర్చుని ఉన్నారు. ఎందుకు తీస్తున్నారని ఒకావిడ అడిగితే, "తప్పు పెట్టినమమ్మా," అని చెప్పారు.

ఆ ఒక్క మాటకు నేను ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాను. మీరు పనిచేసే చోట మీ బాస్ ఆ మాట అనగలడా లేదా చూసుకోండి. అనలేని చోట ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా నిలవకండి. ఆ వారం నుంచి సెంటర్‌లో ఆకుపచ్చ దీపం రాకుండా ఎవరికీ శిక్షణ మొదలుపెట్టలేదు. తల్లులకు నూనె గురించి ముందు రోజే ఫోన్ చేసి చెప్పేవాళ్లం. ఒక కుంకుడుకాయల డబ్బా, తువ్వాళ్లు కూడా తెచ్చి పెట్టారు.

రమకు చెప్పడం

పని అక్కడితో అయిపోలేదు. రమకు చెప్పాలి.

"మంచిగయిండనే చెప్పిన్రు గదా మీరే!" అంది. "ఇప్పుడేమో కాలేదంటాన్రు. అంటె నా మొక్కు గూడ ఉత్తదేనా?"

"దేవుడు ఏం చేసిండో నేను చెప్పలేను రమా. మిషన్ ఏం చేసిందో చెప్పగలను. నెత్తి మీద ఎంటికల్లేవు, తీగ మంచిగ అతికింది. గ్రాఫుల మారింది గదే."

"మరి ఇన్ని నెలలు ఎందుకు తిప్పిన్రు మమ్ముల?"

ఆ కోపం న్యాయమైనదే. నేను దాన్ని చల్లార్చబోలేదు. చరణ్‌ను పిలిచి మూడో తరగతి తెలుగు వాచకం చేతికిచ్చాను. ఒక బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు. వాడు మొదటి మాట చదివాడు. రెండో మాట దగ్గర బొమ్మ వైపు చూసి, అక్కడ కుండ అని రాసి ఉంటే కుక్క అన్నాడు, ఎందుకంటే బొమ్మలో మూలన కుక్క ఉంది. తర్వాతి వాక్యమంతా సొంతంగా అల్లేశాడు. అల్లింది బాగానే ఉంది, కథ చెప్పడంలో వాడికి తిరుగు లేదు. రమకు అచ్చు చదవడం వచ్చు. పేజీ మీద, కొడుకు మొహం మీద మార్చి మార్చి చూసింది.

"వీడు చదువుతలేడు," అంది మెల్లగా. "ఊకె చెప్తాండు."

"అవును."

"గిట్ల పోతె ఆ హాస్టల్ల ఆగుతడా?"

"ఇంగ్లిష్‌ల ఆరు సబ్జెక్టులు. పక్కన విజయ టీచర్ ఉండదు, నువ్వు ఉండవు."

నర్సింహులు అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "సీటు మాట్లాడిండు మా అన్న. ఆయనకు ఏం చెప్పాలె మేడం? మొహం ఎట్ల చూపెట్టాలె?"

"నా పేరు చెప్పు. ఆ ముసల్ది సంతకం పెట్టనన్నది, మస్తు బతిమిలాడినం, వినలే అను."

"గదే చెప్త," అన్నాడు అతను, జరంత నవ్వుతూ. రమ నవ్వలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఇక రారేమో అనుకున్నాను.

సోమవారం వచ్చారు. హాస్టల్ వద్దనుకున్నామని రమ చెప్పింది, ఆ మాట చెప్పి చాలాసేపు ఏడ్చింది. ఆ సీటు మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకు అప్పుడు తెలిసింది. నా మాట నమ్మడం వల్ల ఆమెకు ఏదీ కలిసిరాలేదు, పోగొట్టుకున్నది మాత్రం కంటికి కనపడుతోంది. అయినా నమ్మింది. నా పనిలో నాకు దక్కిన గౌరవాల్లో దానికంటే పెద్దది లేదు.

తర్వాత చేసిన పని

అందులో చెప్పుకోదగిన గొప్ప ఏమీ లేదు. శ్రీకాంత్ డాక్టరు పిల్లవాడిని మొదటి నుంచి మళ్లీ పరీక్షించారు. చదవడంలోనే వాడికి విడిగా ఒక ఇబ్బంది ఉందని, ధ్యాస సంగతి దాని పక్కన ఉన్న రెండో సంగతి అని తేల్చారు. కారు ఆటను వారానికి ఒకసారికి తగ్గించి, తర్వాత ఆపేశారు. విజయ టీచర్ దగ్గర రోజూ గంట. బడిలో ముందు బెంచీ. హోంవర్కు ముక్కలు చేసి, ఒక ముక్క అయ్యాక వాకిట్లో ఒక ఉరుకు ఉరికి వచ్చి రెండో ముక్క. ఇంట్లో ఎవరు కూర్చుంటారన్నది గొడవైంది. పగలంతా మగ్గం, ఆ తర్వాత వంట. చివరికి నర్సింహులు కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట్లో పిల్లవాడికంటే ముందు ఆయనే నిద్రపోయేవాడని రమ చెప్పేది.

మిషన్ చేయలేని పనంతా విజయ టీచర్, రమ, నర్సింహులు చేశారు. వాళ్లు చేస్తుంటే పక్కన నిలబడి చూసే అవకాశం నాకు దొరికింది. జీతం తీసుకుని మరీ చూశాను.

ఆ ఏడే దసరా సెలవులకు ముందు వాళ్లు ఒకసారి సెంటర్‌కు వచ్చారు. చరణ్‌కు క్రాపు పెరిగింది. ఏమైనా చదువుతావా అని అడిగితే సంచిలోంచి తన నాలుగో తరగతి వాచకం తీసి, తనే పేజీ తిప్పుకుని, వేలు పెట్టి మొదలుపెట్టాడు. నిదానంగా, మాట మాటకీ ఆగుతూ చదువుతున్నాడు. నేను, రమ ఎదురుగా కూర్చున్నాం.

"రైతు... బావిలో... బొమ్మ..." అన్నాడు. ఆగాడు. బొమ్మ కోసం చూడలేదు. వేలు వెనక్కి జరిపి అదే మాట మీద మళ్లీ పెట్టాడు. "కాదు కాదు. బొ... క్కె... న. బొక్కెన వేశాడు."

రమ నా చెవి దగ్గరికి వంగింది. "తప్పు చదివిండా మేడం?"

"చదివిండు. తప్పని వాడే పట్టుకున్నడు. మనం చెప్పలే. చూసినవా, వెనక్కి వోయి..."

చరణ్ వేలు తీయకుండా తల ఎత్తాడు. మొహం నిండా విసుగు.

"మీరిద్దరు ముచ్చట పెడ్తె నాకు లైను పోతాంది. జర ఆగున్రి."

మేం నోరు మూసుకుని కూర్చున్నాం.